వెనక్కి పట్టిన టార్చి

మా బాబాయి పట్టపగలు వీధిలో నడిచేటప్పుడు కూడా కుడిచెయ్యి వీపు వెనకే ఉండేది. తెలియనివాళ్ళు చెయ్యి పడిపోయిందేమో అనుకునేవారు. అదేం కాదు, అలవాటు. సినిమా హాల్లో టికెట్ చించి, చీకట్లో జనాన్ని సీట్ల దాకా దిగబెట్టే పని ఆయనది. టార్చి ముందుకు వేస్తే వెలుగు ఎవరి మొహం మీదో పడుతుంది, లేదా తెర మీద మరక కడుతుంది. అందుకని టార్చిని వెనక్కి పట్టి, నేలమీదికి వంచి, తను చీకట్లో ముందు నడిచేవాడు. వెనక వచ్చేవాళ్ళ కాళ్ళ దగ్గర కంచమంత వెలుగు. మెట్టు వచ్చినప్పుడల్లా తల తిప్పకుండా, పక్కవాళ్ళకి వినపడనంత మెల్లగా "మెట్టు" అనేవాడు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు.

ఆ హాల్లో ఎక్కడ ఏ మెట్టుందో ఆయన కాళ్ళకి తెలుసు. ఎక్కడ తివాచీ చిరిగి వేలికి తగులుతుందో, ఏ వరసలో చివరి కుర్చీ చెయ్యి బయటికి పొడుచుకొచ్చి ఉంటుందో అన్నీ తెలుసు. చిన్నప్పుడు నేను సెలవుల్లో ఆయన వెనకే హాల్లోకి వెళ్ళేదాన్ని. తలుపు దగ్గర బరువైన తెర పక్కకి జరపగానే పాత గుడ్డ వాసన, సిగరెట్ల వాసన, చల్లగాలి కలిసి మొహానికి కొట్టేవి. బయట ఎండలోంచి వచ్చిన కళ్ళకి ఏమీ కనపడేది కాదు. భయం వేసేది కాదు మాత్రం. ఆ గుండ్రటి వెలుగులో కాలు పెడుతూ పోతే చాలు, సీటు దానంతటదే వచ్చేది. ఇంట్లో కరెంటు పోయినా అదే వరస. పిల్లలందరం వంటింట్లోంచి వసారాలోకి ఆయన వెనక రైలు కట్టేవాళ్ళం. ఆయన గంభీరంగా "గడప" అనేవాడు. మేం నవ్వు ఆపుకోలేక ఒకరి మీద ఒకరు పడేవాళ్ళం.

వీధిలో అందరూ ఆయన్ని టార్చి బాబాయి అనేవారు. ఆయనకి ఆ పేరంటే కోపమూ లేదు, గర్వమూ లేదు. సెల్లుల మీద మాత్రం చచ్చేంత కోపం. హాలు యజమాని వారానికోసారి కొత్త సెల్లులు ఇచ్చేవాడు. అవి వారమంతా వచ్చేవి కావు. చివర్లో వెలుగు ఎర్రబడి, దీపం గుడ్డిదయ్యేది. అందుకని బాబాయి టార్చిని ఆపకుండా వెలిగించి ఉంచేవాడు కాదు. కాలు పడే క్షణానికి నొక్కి, వెంటనే వదిలేసేవాడు. నీరసించిన సెల్లుల్ని ప్రహరీ గోడ మీద ఎండలో ఆరబెట్టేవాడు. పిన్ని అవి తీసి పక్కన పెట్టి బట్టలారేస్తే ఆ రోజు ఇంట్లో మాటలుండేవి కావు. ఒకసారి సెల్లు కారి టార్చి లోపలి స్ప్రింగుని తినేసింది. తెల్లటి పొడి పట్టిన ఆ స్టీలు గొట్టాన్ని పిన్ని నిమ్మచెక్క పెట్టి తోముతూ ఉంటే, బాబాయి పక్కన పీట మీద కూర్చుని చూసిన చూపు నాకింకా గుర్తే. ఒంట్లో బాగాలేని పిల్లని చూసినట్టు చూశాడు.

తర్వాత హాలు మూతపడింది. జనం తగ్గారు, యజమాని పోయాడు, తలుపులకి గొలుసులు పడ్డాయి. బాబాయి ఒక కాగితాల కొట్లో గుమస్తాగా చేరాడు. "పగటి ఉద్యోగం నా ఒంటికి పడదే అమ్మాయ్, కళ్ళు మండుతున్నాయి" అనేవాడు. సాయంత్రాలు వెనక వసారాలో బల్ల వేసుకుని ఇరుగుపొరుగువాళ్ళ టార్చిలు, ఎమర్జెన్సీ దీపాలు విప్పి మళ్ళీ బిగించేవాడు. వచ్చినవాటిలో సగం బాగయ్యేవి. మిగతా సగం గురించి ఎవరూ అడిగేవారు కాదు.

నేను భౌతికశాస్త్రం చదివి కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. పాప పుట్టాక సెలవు పెట్టి, బాబాయి వాళ్ళ ఇంటికి రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నాం. పాప పాకడం మొదలుపెట్టిన రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. బొత్తాం సెల్లు మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుందని చదివాను. ఆ పూటే ఇంట్లో ఉన్న ప్రతి బొమ్మనీ విప్పి సెల్లులు తీసేశాను. పాడే కుక్కపిల్ల మూగబోయింది. మెరిసే బంతి మెరవడం మానేసింది. మా ఆయన గోడ గడియారం వంక చూసి, "అదైనా ఉంచుతావా?" అన్నారు.

ఆ రోజుల్లోనే పాపని చంకనేసుకుని, సంచిలో రెండు సూపర్ కెపాసిటర్లు పెట్టుకుని బాబాయి వసారాకి వెళ్ళాను. కాలేజీ పిల్లలకి పాఠంలో చూపించడానికి కొన్నవి, బయల్దేరే ముందు కరెంటుతో నింపి తెచ్చాను. బొటనవేలు కంటే కాస్త లావుగా, నల్లగా, రెండు కాళ్ళతో ఉంటాయి.

"ఇదేం సెల్లే?" అన్నాడు బాబాయి.

"సెల్లు కాదు బాబాయ్. సెల్లు లోపల మందు ఉంటుంది, అది మెల్లగా మారుతూ కరెంటు ఇస్తుంది. దీంట్లో అలా మారేదేం లేదు. కరెంటుని ఊరికే పట్టి ఉంచుతుంది. సెల్లుని ఇరుకు మూతి బిందె అనుకో, ఇది వెడల్పాటి బేసిను. గుమ్మరిస్తే నిండిపోతుంది, ఒంపేస్తే ఖాళీ అయిపోతుంది."

"ఎన్నిసార్లు నింపొచ్చు?"

"లక్షల సార్లంటారు."

"కారదా?"

"సెల్లులా పొడి కక్కదు. దాని హద్దు దాటి నింపితే మాత్రం ఉబ్బుతుంది."

బాబాయి దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. తర్వాత, కొత్త సెల్లు కొన్నప్పుడల్లా చేసే పని చేశాడు. స్క్రూడ్రైవరు తీసుకుని రెండు కాళ్ళకీ అడ్డంగా ఆనించాడు. చటుక్కున నీలం మెరుపు. స్క్రూడ్రైవరు కొసన చిన్న గుంట పడింది. నేను పాపతో సహా గుమ్మం దాకా వెనక్కి వెళ్ళిపోయాను. బాబాయి మాత్రం ఆ గుంటని వేలితో తడిమి, లోపలికి కేకేశాడు.

"ఏమేవ్, ఇలా రా, స్క్రూడ్రైవర్ని కొరికింది చూడు."

"మీ మొహం కొరకలేదుగా, సంతోషం" అంది పిన్ని లోపల్నించే.

ఆ రోజే నేను షరతులు పెట్టాను. వాడని కెపాసిటర్ల కాళ్ళకి ఎప్పుడూ రాగితీగ చుట్టి ఉంచాలి, లోపల కాస్తంత కరెంటు కూడా మిగలకుండా. తీగముక్కలు, బల్బులు, మైనం, అన్నీ పై అరలో ఉండాలి. పాప వసారాలో ఉన్నంతసేపు తీగలు అతికే సోల్డరింగ్ కడ్డీకి ప్లగ్గు పెట్టకూడదు. బాబాయి అన్నిటికీ తలూపాడు. మర్నాడు వెళ్తే రెండు కెపాసిటర్లూ కాళ్ళకి రాగితీగ ముడితో, పై అరలో పక్కపక్కన నిలబడి ఉన్నాయి. "గొడ్లని కట్టేసినట్టు కట్టేశారు, ఇక గడ్డి వేయడమే తరువాయి" అంది పిన్ని.

కొద్ది వారాలకి హాలు మళ్ళీ తెరుస్తున్నారన్న వార్త వచ్చింది. పాత యజమాని కూతురు ఎక్కడో ఉద్యోగం మానేసి వచ్చి, లోపలంతా విప్పించి, కుర్చీలు తగ్గించి చిన్న హాలుగా కట్టిస్తోందట. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి కలిశాడు. తిరిగొచ్చాక వసారాలో కూర్చుని ఆ సంభాషణంతా నాకు అప్పజెప్పాడు.

"ఆ అమ్మాయి మంచిదే. 'ఇప్పుడు అందరి చేతుల్లో ఫోనుంటోంది బాబాయ్ గారూ, టార్చి మనిషి ఎందుకు' అంది. 'ఆ ఫోన్లే కదమ్మా హాలుని చెడగొట్టేది, ఒకడు తీస్తే వెలుగు పది వరసలకి కొడుతుంది' అన్నాను. ఆలోచించింది. తెరిచే ముందు తెలిసినవాళ్ళ కోసం ఒక మధ్యాహ్నం ఆట వేస్తారట. ఆ రోజు వచ్చి పని చూపించమంది. నచ్చితే ఉంచుకుంటుంది."

ఇంత మాట చెప్పి చేతులు చూసుకున్నాడు. కాగితాల కొట్లో చేరాక ఆయన ఏదీ కావాలని అడగడం నేను వినలేదు. ఇప్పుడూ అడగలేదు. కానీ ఆ టార్చి మళ్ళీ చేతిలోకి రావాలన్న కోరిక మనిషంతా పాకి ఉంది.

"సెల్లులు పెట్టి వెళ్ళను" అన్నాడు. "టికెట్లు చించేలోపు నిండేది కావాలి."

అలా మొదలైంది. పాత స్టీలు టార్చిని విప్పాం. కెపాసిటర్ ఒక్కటే మోసే వోల్టేజి తెల్ల ఎల్ఈడీకి చాలదు, అందుకని రెండు వరసగా కలిపాం. రెండూ సమానంగా నిండేట్టు చెరొక రెసిస్టరు, అంటే కరెంటుని అదుపు చేసే ముక్క, అడ్డంగా కట్టాలని చెప్పాను. లేకపోతే ఒకటి వంతుకి మించి తాగి ఉబ్బిపోతుంది. పిన్ని కాఫీ గ్లాసులు పెడుతూ, "అన్నదమ్ములకి వడ్డించినట్టన్నమాట. మీ నాన్నకీ ఈయనకీ అప్పట్లో ఇలాంటిదేదో కట్టుంటే బావుండేది" అంది.

నింపడం దగ్గర తంటా వచ్చింది. ఫోను ఛార్జరు తగిలిస్తే అది వెలిగి ఆరి, వెలిగి ఆరి, ఊరుకుంది. ఛార్జరు చెడిపోయిందని బాబాయి ఇంకొకటి తెచ్చాడు. అదీ అంతే. నేను రెండు రోజులు పాపకి జ్వరంగా ఉండి వెళ్ళలేకపోయాను. ఆ రెండు రోజుల్లో వీధిలో ఉన్న ఛార్జర్లన్నీ వసారాలోకి చేరాయి.

"అన్నీ దొంగ సరుకే అమ్మాయ్" అన్నాడు.

"ఛార్జర్ల తప్పు కాదు బాబాయ్. ఖాళీ కెపాసిటరు దానికి ఉత్త తీగముక్కతో సమానం. ఎక్కడో షార్టయిందని బెదిరి ఆగిపోతోంది. మధ్యలో ఒక లావాటి రెసిస్టరు పెడితే బెదరదు."

పెట్టాం. బెదరలేదు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేసరికి టార్చి నిండింది. బాబాయి కిటికీలు మూసి, వసారా చీకటి చేసి, వెనక్కి పట్టి నడిచాడు. పాప నా చంకలోంచి కిందికి జారిపోయి, నేల మీద కదులుతున్న ఆ వెలుగు వెంట పాకింది. అందుకోబోతే అది ముందుకి పోయేది. పాప నవ్వు విని పిన్ని కూడా వచ్చి నిలబడింది.

ఆయన మొహంలో మాత్రం నవ్వు లేదు. "తగ్గుతోందే" అన్నాడు. "నొక్కేకొద్దీ తగ్గుతోంది. కొత్త సెల్లు కొన్నాళ్ళైనా ఒక్క తీరున వెలిగేది."

తగ్గుతుంది మరి. బేసినులో నీళ్ళు దిగినకొద్దీ ధార బలం తగ్గినట్టు, కెపాసిటరు ఖాళీ అయ్యేకొద్దీ వోల్టేజి దిగుతూ పోతుంది. దాన్ని చివరిదాకా ఒక్క తీరున నిలిపే చిన్న సర్క్యూటు పెట్టొచ్చు. పెడదామని కూర్చున్నాను కూడా. మూసిన కిటికీల మధ్య ఆ చీకట్లో కాసేపు ఉన్నాక, ఆ తగ్గిన వెలుగే నాకు ఎక్కువనిపించింది.

"బాబాయ్, ఆట మొదట్లో వచ్చేవాళ్ళకి ఎండ కళ్ళు. వాళ్ళకి ఎక్కువ వెలుగు కావాలి. సగంలో లేచి బయటికి వెళ్ళేవాళ్ళు అప్పటికే చీకటికి అలవాటు పడి ఉంటారు, వాళ్ళకి ఇది చాలు. దీన్ని ఇలాగే వదిలేద్దామా?"

ఆయన టార్చి వెలుగుని కాళ్ళ మీద వేసుకుని ఆలోచించాడు. "హాలుతో పాటే తగ్గుతుందంటావు" అన్నాడు. ఆ సర్క్యూటు నేను పెట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఆటకి మేమంతా వెళ్ళాం. మా ఆయన, పిన్ని ముందే వెళ్ళి కూర్చున్నారు. పాప నిద్ర లేచేదాకా ఆగి నేను ఆలస్యంగా వెళ్ళాను. తలుపు దగ్గర బాబాయి తెల్ల చొక్కాలో, గోడకి తగిలించిన ఛార్జరు పక్కన టార్చితో నిలబడి ఉన్నాడు. ఆయన మా పెళ్ళిలో కూడా అంత నిటారుగా నిలబడలేదు. యజమాని కూతురు వెనక వరస దగ్గర చేతులు కట్టుకుని చూస్తోంది. నా టికెట్ చించి, ఎవరో పరాయి మనిషికి చెప్పినట్టు, "రండి" అన్నాడు.

తెర పక్కకి జరిగింది. కొత్త రంగు వాసన. కాళ్ళ ముందు కంచమంత వెలుగు. పాపని గట్టిగా పట్టుకుని నడిచాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ వెలుగు వెనక నడుస్తుంటే ఒళ్ళు తేలికైంది. చిన్నప్పుడు ఆ చీకట్లో ఉన్న ధైర్యమంతా తిరిగి వచ్చినట్టుంది. నేను కిందికి చూడటం కూడా మానేశాను. "మెట్టు" అన్నాడు. దిగాను. "మెట్టు." దిగాను. ఆ తర్వాత ఆయనేం అనలేదు, నేను చదునైన నేలే అనుకుని అడుగు వేశాను. కాలికింద నేల లేదు.

మోకాలి మీద పడ్డాను. పాప తల నా గడ్డం కింద ఇరుక్కుంది, నేను పట్టు వదల్లేదు. పాపకి గీత కూడా పడలేదు. ఒక్క క్షణం ఆగి ఏడుపు అందుకుంది. వరసల్లో ఫోన్లు వెలిగాయి, అన్ని వైపుల నుంచీ తెల్లటి వెలుగు మా మీద పడింది. ఆ వెలుగులో బాబాయి మొహం చూశాను. టార్చి ఇంకా వెనకే పట్టుకుని ఉన్నాడు. నన్ను కాదు, మెట్లని చూస్తున్నాడు.

కొత్తగా కట్టినప్పుడు మెట్లు మార్చారు. ఆయన వారం ముందే వచ్చి పట్టపగలు చూసుకున్నాడు, లెక్కపెట్టుకున్నాడు. తన కాళ్ళు కూడా కొత్త మెట్లు సరిగ్గానే దిగాయి. నోరు మాత్రం పాత హాలు మెట్లనే పిలిచింది.

ఆట అయ్యాక యజమాని కూతురు మా దగ్గరికి వచ్చింది. నా మోకాలు చూసి, పాప బుగ్గ నిమిరి, బాబాయితో అంది: "కొత్త చోటు కదా బాబాయ్ గారూ, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. మీ టార్చి ఎంత బావుందో. వెనక నుంచి చూశాను, ఎవరి కంట్లోనూ పడలేదు. వచ్చే వారం నుంచి వచ్చేయండి."

కోరుకున్నది చేతిలో పెట్టింది. బాబాయి ఆ టార్చిని అటూ ఇటూ తిప్పాడు.

"వద్దమ్మా" అన్నాడు.

"ఏమండీ" అంది పిన్ని.

"చూసుకుని దిగేవాళ్ళు పడరు. నా మాట నమ్మినవాళ్ళే పడతారు. మా అమ్మాయి నా నోరు నమ్మింది, కళ్ళు పక్కన పెట్టింది. చంకలో పిల్ల." మెట్ల వైపు చూశాడు. "కాళ్ళు నేర్చుకున్నాయమ్మా. నోరు నేర్చుకోదు. ముప్పై ఏళ్ళు అదే పాట పాడింది."

"మాట్లాడకుండా నడవండి, టార్చి ఒక్కటే వేయండి" అందా అమ్మాయి.

"మాట్లాడకుండా నడిచేవాడు నేను కాదుగా" అన్నాడు.

ఆ తర్వాత నేను రాత్రుళ్ళు పాప మీద చెయ్యి వేసి పడుకునేదాన్ని, మళ్ళీ పడుతున్నట్టు ఉలిక్కిపడేదాన్ని. వసారా వైపు వెళ్ళబుద్ధి కాలేదు. వారమయ్యాక పిన్నే వచ్చి పిలిచింది. "ఆయన తిండి కూడా ఆ బల్ల మీదే. నువ్వొచ్చి చూడు. నాకు చెప్పినా అర్థం కాదు, చెప్పకుండా ఉండడు."

బల్ల మీద చెక్కముక్క ఒకటి, మెట్టు అంచులా. దానికి గింజంత చిల్లు, చిల్లులో ఎర్ర ఎల్ఈడీ. వెనక మా కెపాసిటర్లే, టార్చిలోంచి తీసినవి.

"తెల్లది అయితే ఇంకా కరెంటు మిగిలుండగానే ఆరిపోతోందే. ఎర్రది చాలా కిందిదాకా వెలుగుతోంది. ఎందుకంటావ్?"

"ఎర్రదానికి తక్కువ వోల్టేజి చాలు బాబాయ్."

"మరి మెట్టు మెట్టుకీ ఇలాంటిది పెడితే? మామూలప్పుడు కరెంటు మీద వెలుగుతుంది, ఇవి పక్కనే నిండి ఉంటాయి. కరెంటు పోతే ఇవి అందుకుంటాయి. సెల్లులు పెడితే నేల కింద ఏ మూలో కారి కూర్చుంటాయి, ఎవరూ చూడరు. జనం బయటికి వచ్చేదాకా వెలిగితే చాలు. లెక్క వెయ్యి."

లెక్క వేశాను. ఒక్కో దీపం తాగేది చాలా తక్కువ. ఒక్కో మెట్టుకీ కొంచెం పెద్ద జత పెడితే హాలంతా గంటసేపు వెలుగుతుంది. కాగితం ఆయన ముందు పెట్టాను.

"ఇది పెడితే ఇక టార్చి మనిషితో పని ఉండదు బాబాయ్. నీతోనే కాదు, ఎవరితోనూ."

"తెలుసు" అన్నాడు. "పాప రేపు నడుస్తుంది. దాని దారిన అది వెళ్ళి కూర్చోవద్దూ?"

యజమాని కూతురు ఒప్పుకుంది. వడ్రంగి చిల్లులు వేశాడు. బాబాయి కాగితాల కొట్టుకి సెలవు పెట్టి, మెట్టు మెట్టు దగ్గరా బోర్లా పడుకుని తీగలు లాగాడు. నేను జతల మధ్య రెసిస్టర్లు సరిచూశాను. అన్నీ అయ్యాక బోర్డు దగ్గర కరెంటు తీసేయమన్నాడు. హాలు చీకటైంది. మెట్ల అంచుల్లో ఎర్రటి చుక్కలు వరసగా కిందిదాకా నిలబడ్డాయి. మేం తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూశాం. అవి మసకబారుతూ పోయాయి కానీ ఆరలేదు.

హాలు తెరిచాక బాబాయి, పిన్ని ఒక సాయంత్రం ఆటకి వెళ్ళారు. వెనక వరసలో మేం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో సినిమాలో ఆయన తన పక్క సీట్లో కూర్చోవడం అదే మొదటిసారని పిన్ని ఇంటర్వెల్ దాకా కూడా ఆగకుండా నాకు వెనక్కి తిరిగి చెప్పింది. ఆయన మాత్రం తెర వైపు చూస్తే ఒట్టు. వెనక తలుపు చప్పుడైనప్పుడల్లా తల తిప్పేవాడు. కుర్చీలోంచి సగం లేచేవాడు. పిన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది.

"వాళ్ళకి కనిపిస్తోందిలెండి."

ఆలస్యంగా ఒక జంట వచ్చింది, చిన్నపిల్లాడితో. తలుపు దగ్గరి తెర పక్కకి జరిపి, కళ్ళు కనపడక ఒక్క క్షణం నిలబడ్డారు. తర్వాత పిల్లాడే ముందు దిగాడు, ఒక్కొక్క ఎర్ర చుక్క మీదా రెండు కాళ్ళూ పెట్టి నిలబడి, మళ్ళీ దిగుతూ. తల్లి వెనకే వంగి, చేతులు చాచి, పట్టుకోకుండా నడిచింది. వాళ్ళు వరస దొరకబుచ్చుకుని, కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకునేదాకా బాబాయి చూస్తూనే ఉన్నాడు. అప్పుడు తెర వైపు తిరిగి, కుర్చీలో వెనక్కి వాలి, పిన్నిని మెల్లగా అడిగాడు.

"ఇప్పటిదాకా ఏమైందే?"

"మొదట్నించీ ఇక్కడే ఉన్నారుగా" అని, పిన్ని కథ చెప్పడం మొదలుపెట్టింది.